అతుకుపని

గుండిగ మెడ చుట్టూ ఒకప్పుడు పేరు ఉండేది. సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. చింతపండూ బూడిదా కొబ్బరిపీచూ పెట్టి ఎన్నేళ్ళు తోమారో, ఆ చుక్కలన్నీ అరిగిపోయి చివరి అక్షరం ఒక్కటి మిగిలింది. ‘మ్మ’.

సుబ్బమ్మ కావచ్చు, వెంకమ్మ కావచ్చు, నాగమ్మ, రామమ్మ, ఎవరైనా కావచ్చు. ఆ తరం ఆడవాళ్ళలో ఎంతమంది పేర్లు ఆ అక్షరం దగ్గరికి వచ్చి ఆగేవో.

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జుమ్మేరాత్ బజార్ కూడుతుంది. జుమ్మేరాత్ అంటేనే గురువారం. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన ఆ పాత వంతెన చుట్టుపక్కల, నేల మీద పరిచిన పట్టాల మీద రెక్క ఊడిన ఫ్యాన్లు, చెవి పోయిన తాళాలు, తలుపు గొళ్ళేలు, ఇనప కుళాయిలు కుప్పలుగా పోసి ఉంటాయి. ఆ కుప్పల పక్కన ఈ గుండిగ బోర్లించి ఉంది. నేను దాన్ని తిప్పి అక్షరం మీద వేలు పెట్టి చూస్తుంటే, “ఆ పేరు అరగదీసి ఇయ్యాల్నా అమ్మా? రెండు నిమిషాల పని” అన్నాడు అమ్మే పెద్దాయన. వద్దన్నాను. కాటా మీద పెట్టాడు. 6 కిలోల 200 గ్రాములు తూగింది. తుక్కు ఇత్తడి ధర కట్టి ఇచ్చేశాడు. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి అంత గుండ్రంగా తీసిన మనిషి పనికి ఆ లెక్కలో ఒక్క రూపాయి కూడా చోటు లేదు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

మేమున్నది పాతికేళ్ళ నాటి ఫ్లాటు. కొన్న మొదటి ఏడాది ఇంట్లోకి అన్నీ కొత్తవే కొన్నాం. కొత్త ఇంటికి కొత్త సామాను అని మా వారి పట్టుదల, నాకూ అప్పుడు అదే ముచ్చట. ఒక పెద్ద దుకాణంలో బట్టల బీరువా తీసుకున్నాం. పైన చూస్తే రోజ్‌వుడ్ గీతలు, లోపల చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక. రెండో వానాకాలానికి వెనక గోడ చెమ్మగిల్లింది. బీరువా అడుగు నీళ్ళలో నానిన అటుకుల్లా ఉబ్బిపోయింది. వడ్రంగిని పిలిస్తే స్క్రూ బిగించి చూపించాడు. అది తిరుగుతూనే ఉంది, ఎక్కడా పట్టుకోలేదు. “దీనికి పట్టు ఉండదమ్మా, ఒకసారి వదిలిందంటే ఇంక అంతే” అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. విరిగినా సరే, బాగు చెయ్యడానికి వీలున్న వస్తువునే ఇంట్లోకి తేవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. పాత సామాన్ల దారి పట్టింది అందుకే. డబ్బు కలిసి రావడం తరువాతి సంగతి.

గుండిగను వరండాలో దించగానే మా అత్తయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. “ఏ ఇంటిదో, ఏ కష్టం వచ్చి అమ్ముకున్నారో. ఏడుస్తూ గడప దాటించిన వస్తువు మనకెందుకమ్మా?” అన్నారు.

శనివారం ఇనుము తేకూడదన్నట్టు పట్టింపుతో అన్న మాట కాదది. దానికి నేను జవాబు చెప్పుకోవాలి. ఇత్తడి గుండిగ ఇంట్లోంచి ఊరికే పోదు. పుట్టింటి సారెతో వచ్చినది, పది పెళ్ళిళ్ళకు పులిహోర కలిపినది, అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడితేనో అన్నదమ్ములు వేరుపడితేనో తప్ప గడప దాటదు. పాత వస్తువులు కొనే మనం వాటి అందమే చూస్తాం. అవతలి ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో చూడం. ఆవిడ చూశారు.

కానీ ఇంకో సంగతి కూడా ఉంది. స్టీలు సామాన్లు వీధుల్లోకి వచ్చిన రోజుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్ళకు ఎంతోమంది ఆడవాళ్ళు తమ ఇత్తడీ రాగీ తీసి ఇచ్చేశారు. ఏడుస్తూ కాదు, సంతోషంగా. చింతపండు పెట్టి తోమే పని, కళాయి వాడి కోసం ఎదురుచూసే పని తప్పినందుకు. అరచేతులు పుళ్ళు పడకుండా ఉన్నందుకు. ఈ మాట చెబితే అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “మా అమ్మా ఇచ్చింది. రెండు కాగులు ఇచ్చి నాలుగు స్టీలు బేసిన్లు తీసుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని చెప్పేది” అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడే గుండిగను పసుపు నీళ్ళతో కడిగారు.

పాతది మనకు పనికిరాదన్న పట్టింపు మనలో నిజంగా ఉందా అని అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. పురిట్లో బిడ్డకు మొదట కొత్త బట్ట వెయ్యం. వందసార్లు ఉతికి మెత్తబడిన పాత చీర ముక్కలోనో పంచె ముక్కలోనో చుడతాం. నా కూతుర్ని చుట్టింది అత్తయ్య నేత చీర. ఏ చంటిబిడ్డకూ అంతకంటే మంచి బట్ట దొరకదు, కొత్త నూలుకు ఆ మెత్తదనం రావాలంటే ఎవరో ఒకరు ముందు కట్టి ఉండాలి. లోకంలోకి వచ్చిన మొదటి రోజునే పాత గుడ్డ ఒంటి మీద వేసుకున్నవాళ్ళం మనం.

ఇత్తడి అంటే రాగీ తుత్తునాగమూ కలిసిన లోహం. పులుపు తగిలితే చిలుము పడుతుంది, అందుకే వంటకు వాడాలంటే లోపల తగరం పూత ఉండాలి. కళాయి వేసేవాళ్ళ కోసం బేగంబజార్ ఇత్తడి కొట్లలో వాకబు చేస్తే ఒక సందు చివర ఒకాయన ఉన్నాడన్నారు. ఆయన ముందు గుండిగలో ఇసుక పోసి, గోనె ముక్క వేసి, తానే అందులో నిలబడి, గోడ పట్టుకుని కాళ్ళతో అటూ ఇటూ తిరిగాడు. లోపలి మసి అంతా అలా తొక్కుతూనే తీశాడు. తరువాత బొగ్గుల మీద పెట్టి పట్టకారుతో తిప్పుతూ కాచాడు. వేడి సరిపోయిందో లేదో దగ్గరికి వంగి వాసన చూసి చెప్పాడు. నవాసాగరం పొడి చిటికెడు చల్లగానే గుప్పుమని తెల్లటి పొగ లేచింది, కళ్ళు మండాయి. ఆ పొగలోనే తగరం కడ్డీని లోపల అక్కడక్కడ తాకించాడు. 232 డిగ్రీలకే కరిగే లోహం అది, తాకిన చోటల్లా నీటిబొట్టై జారింది. చేతిలో ఉన్న దూది పట్టుతో ఒక్క చుట్టు తుడిచాడు. ఆ ఒక్క చుట్టుతో పచ్చటి గుండిగ లోపలంతా వెండిలా తెల్లబడింది. నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నీళ్ళలో ముంచితే చుయ్‌మంది.

“పేరు కొట్టించుకుంటారా? ఎదురు కొట్టులో మిషనుంది” అన్నాడు ఆయన. ఒకప్పుడు అక్షరానికి ఇంత అని తీసుకునేవారు, అందుకే గిన్నెల మీద పేర్లు పొట్టి పొట్టిగా, ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటాయి. ఇంటికి ఫోన్ చేసి అత్తయ్యను అడిగాను. “వద్దులే. ఆవిడది ఉందిగా” అన్నారు.

నా కూతురు రెండో తరగతి. బళ్ళో అప్పుడే వత్తులు మొదలుపెట్టారు. గుండిగ ఇంటికి రాగానే దాని ముందు కూర్చుని, ‘మ కింద మ వత్తు’ అని కూడబలుక్కుని, ‘మ్మ’ అని పెద్దగా చదివింది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు మ్మ గుండిగ.

బల్ల సంగతి చెప్పాలి. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు దూలాలూ స్తంభాలూ ద్వారబంధాలూ లారీలెక్కి పట్నంలో పాత కలప అడితిలకు వస్తాయి. అలాంటి ఒక అడితిలో ఎండలో పడి ఉన్న 11 అడుగుల దూలం నాకు దొరికింది. ఒక పక్కంతా నల్లగా మసి పట్టి ఉంది. వంటింటి పొయ్యి పొగ. అది నాకు కడిగేయాలనిపించలేదు, కానీ బల్ల చేస్తే తప్పదు. వడ్రంగి మేస్త్రి గారు కోత మిషను మీద పెట్టి అడ్డంగా కోయగానే గుప్పున వాసన. తోలు వాసనలాంటిది, కొంచెం నూనె కలిసినది. ఎన్నో ఏళ్ళు ఇంటికప్పు మోసి, పొగ తాగి, ఎండకు ఎండిన కొయ్య లోపల ఆ నూనె అలాగే ఉంది. టేకును చెదలు ముట్టకపోవడానికి కారణాల్లో అదొకటి.

ముక్క చేతిలో పట్టుకుని అత్తయ్య, “ఇది రంగం టేకమ్మా. మా తాతగారి ఇంటి దూలాలు ఇదే రంగు” అన్నారు. రంగమంటే రంగూన్. కాకినాడ నుంచీ విశాఖపట్నం నుంచీ మనవాళ్ళు ఓడలెక్కి బర్మాకు కూలికి వెళ్ళిన కాలం అది. మనుషులు అటు వెళ్ళారు, టేకు ఇటు వచ్చింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చేసరికి లక్షలమంది భారతీయులు తిరుగుదారి పట్టారు. ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచారు, ఎందరో దారిలోనే పోయారు. మా అత్తయ్య వాళ్ళ తాతగారి తమ్ముడు అలా వెళ్ళి తిరిగిరానివాడు. ఆ సంగతి నాకు తెలిసింది ఆ కొయ్యముక్క చూసినప్పుడే. పదహారేళ్ళుగా ఆవిడ కోడలిని, అంతకు ముందెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

మేస్త్రి గారు బల్లకు ఒక్క మేకు కూడా కొట్టలేదు. కాళ్ళ చివర కుసులు తీసి, పైపలకలో వాటికి సరిపడా బెజ్జాలు తొలిచి, దిగగొట్టి, పక్కనుంచి కొయ్య చీల వేశారు. “వదులైతే చీల మార్చుకుంటే చాలు. మీ మనవలు కూడా మార్చుకోవచ్చు” అన్నారు. పలక మధ్యలో పాత మేకుల బెజ్జాలు నాలుగు ఉన్నాయి, లప్పం పెట్టి పూడ్చనా అని అడిగితే మా అబ్బాయి వద్దన్నాడు. వాడు ఎనిమిదో తరగతి, ఇప్పుడు ఆ బెజ్జాల్లో పెన్సిళ్ళు నిలబెడతాడు. సాండ్ పేపరు నేనూ మా వారూ మూడు ఆదివారాలు పట్టాం. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డ ముద్దతో పూసే పాత పాలిష్ మేస్త్రి గారు నేర్పారు. ఎనిమిది పూతలు. ప్రతి పూతకూ కొయ్య లోపలి గీతలు ఇంకొంచెం పైకి తేలేవి. మొదట కొత్తవే కావాలన్న మా వారు ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు బల్లే చూపిస్తారు, కూర్చోమంటారు, అడుగున చీల ఎక్కడుందో వంగి చూడమంటారు.

పాత సామాను కొనేవాళ్ళకు నేను చెప్పే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పరుపులు, దిళ్ళు కొనకండి, నల్లులు వస్తాయి. కుర్చీ కాలికి సూదిమొన అంత బెజ్జాలుండి, తడితే పిండి రాలితే అది పుచ్చు పట్టిన కొయ్య, ఇంట్లో మంచి కొయ్యకు కూడా అంటుకుంటుంది. పాత దీపపు స్తంభాలు కొనవచ్చు, వైర్లు మాత్రం కొత్తవి వేయించాలి. దేవతా విగ్రహాలు అసలే వద్దు. వందేళ్ళు దాటిన శిల్పాలు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, అంతకన్నా ముందు, అవి ఏ గుడిలోంచి వచ్చాయన్న ప్రశ్న ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చుంటుంది.

కేను కుర్చీలు మాత్రం కనిపిస్తే వదలకండి. సీటు చిరిగినా ఫర్వాలేదు. నేను తెచ్చిన రెండింటికి సీట్లే లేవు, ఉత్త చట్రాలు. అల్లడానికి వచ్చినాయనకు చూపు లేదు. కుర్చీలు అల్లడం చూపులేనివారికి నేర్పిన వృత్తుల్లో ఒకటి. బెత్తపు నారను బకెట్‌లో నానబెట్టి, చట్రం బెజ్జాలను వేలితో లెక్కపెట్టుకుని మొదలుపెట్టాడు. రెండు వరసలు నిలువు, రెండు వరసలు అడ్డం, ఆపైన రెండు వైపుల నుంచీ ఐమూలగా. ఐమూల నార పడేదాకా అది ఉత్త గళ్ళే, అది పడగానే కళ్ళన్నీ ఎనిమిది పలకల పువ్వులైపోయాయి. తడిగా ఉన్నప్పుడు వదులుగా అనిపించిన సీటు ఎండాక డప్పులా బిగిసింది. ఆయన వేలితో మీటి, మోగిన తీరు విని, సరే అన్నాడు.

ఇన్ని చెప్పాను గానీ మా ఇల్లు ఇల్లైంది నా తిరుగుళ్ళ వల్ల కాదు, అత్తయ్య చేతుల వల్ల. ఇంట్లో ఆవిడ కుట్టిన బొంతలు మూడున్నాయి. నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, చుట్టూ పాత పంచె అంచు వేసి, మధ్య నుంచి బయటికి చుట్టూతా దూసుకుట్టు వేసుకుంటూ పోతారు. ఎందుకూ కొరగాని దాన్ని, పొందిక లేని దాన్ని ‘అతుకుల బొంత’ అని తిట్టుగా వాడతాం. ఆ మాట ఇప్పుడు నా నోట రాదు. బొంతలో అతుకు వేసేటప్పుడు ఆవిడ పాత నేతకు పాత నేతే వెతుకుతారు. కొత్త గుడ్డ అతికితే అది ముడుచుకుని పక్క గుడ్డను చించేస్తుందట. ఆ పొందిక చూడడం బొంత కుట్టినవాళ్ళకే తెలుసు.

ఆవిడ పుట్టిల్లు నరసాపురం దగ్గర ఒక పల్లె. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో గోదావరి డెల్టాకు వచ్చిన లేసు అల్లిక అక్కడ ఇంటింటి పని అయింది. అత్తయ్య పదేళ్ళకే కొక్కెం పట్టారు. పొద్దున వంట అయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది తీసుకుపోయేవాడు, దారం లెక్కన కూలి. పువ్వులూ చక్రాలూ విడివిడిగా అల్లేది చేతిపని. వాటిని కలిపి బల్లగుడ్డగానో పరుపు దుప్పటిగానో చేసేది అతుకుపని. అత్తయ్యది అతుకుపని. వేరు వేరు చేతులు అల్లినవి ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటాయి. వాటిని కలిపి తేడా తెలియకుండా చదునుగా పరుచుకునేట్టు చెయ్యాలి.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఆ ఊళ్ళకు వచ్చి ఈ ఆడవాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వీళ్ళను కూలీలు అనకుండా ‘ఇల్లాళ్ళు’ అన్నారు, చేసేదాన్ని పని అనకుండా ‘తీరుబడి’ అన్నారు, అందుకే విదేశాలకు ఎగుమతయ్యే సరుకుకు అంత తక్కువ కూలి దక్కిందని ఆమె తేల్చారు. నేను ఆ సంగతి చెబితే అత్తయ్య, “తీరుబడెక్కడిది, వేళ్ళు పట్టేసి అన్నం కలుపుకోలేకపోయేవాళ్ళం” అన్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఇన్నేళ్ళలో ఆవిడ చేతి లేసు ఒక్క ముక్క కూడా ఆవిడ ఇంట్లో లేదు. అంతా ఓడలెక్కింది. ఏ దేశంలో ఏ ఇంటి బల్ల మీద పరిచి ఉందో, ఆ ఇంటి పెద్దావిడ పోయాక ఏ పాత సామాన్ల కొట్టులో మడత పెట్టి ఉందో. ఎవరైనా కొనుక్కుని, ఎవరి చేతి పనో అని తిప్పి చూసి ఉంటారా? చూసినా దాని మీద మ్మ అనే అక్షరమైనా ఉండదు.

డెబ్బై మూడేళ్ళ వయసులో మొన్న సంక్రాంతి తరువాత అత్తయ్య మళ్ళీ కొక్కెం పట్టారు. హాలు పడమటి కిటికీకి తెర. కిందిదాకా దిగేది కాదు, పై సగానికి వేసేది. మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి వచ్చి సూటిగా బల్ల మీద పడుతుంది. ఇప్పటికి ఆరు చక్రాలు అయ్యాయి, రెండు నా కూతురు అల్లినవి. గొలుసు కుట్టు నేర్చుకుంది, బిగువు ఇంకా కుదరలేదు. వదులైన చోట నాయనమ్మ విప్పకుండా పక్క చక్రాన్ని కాస్త వదిలి కలుపుతున్నారు.

మొన్న రాత్రి అది అడిగింది, “నాయనమ్మా, నీ పేరెక్కడ కొడతావు?” అని. లేసు మీద పేరుండదని చెప్పారు. అది ఊరుకోలేదు. గళ్ళ నోటుబుక్కు తెచ్చి, గడి గడీ నింపుతూ, తనకు బాగా వచ్చిన అక్షరం వేసి చూపించింది. అత్తయ్య పేరు చివర కూడా అదే ఉంది.

కళ్ళజోడు సవరించుకుని ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. కొక్కెం మొనతో గళ్ళు లెక్కపెట్టారు. “మ గుండ్రం. గళ్ళలో పలకలు పలకలుగా వస్తుంది, ఫర్వాలేదు. కానీ వత్తు కిందికి దిగాలంటే అంచుకు ఇంకో మూడు వరసలు అల్లాలే” అన్నారు. దారం కండె తెమ్మన్నారు.